జర్మనీ కంచాల్లో సర్కారు భోజనం

లోలుగు జోగారావు ఓడల్లో స్టూవర్డుగా పనిచేసి రిటైరయ్యాడు. స్టూవర్డంటే ఓడని నడిపే మనిషి కాదు, నడిపేవాళ్లకి వేళకి ఇంత తిండి పెట్టే మనిషి. తుఫానులో ఓడ ఓ పక్కకి ఒరిగిపోయి, కెప్టెనుగారు కుర్చీతో సహా వెళ్లి గోడకి కొట్టుకున్న రోజున కూడా జోగారావు చేతిలో ట్రే మీది సూపు తొణకలేదని కళింగరేవు ఓడలవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సర్వీసు మొత్తంమీద ఒక్క కంచం పగలగొట్టలేదన్నది అతనికి పెన్షను కన్నా పెద్ద ఆస్తి.

మిగతా ఓడలవాళ్లు సెలవుకి వస్తూ టేప్‌రికార్డర్లు, సెంటుసీసాలు, రంగుల గొడుగులు తెచ్చేవారు. జోగారావు కంచాలు తెచ్చేవాడు. అవీ కొత్తవి కావు.

"ఎవలో తిని వదిలేసిన ఎంగిలి కంచాలు ఏడు సముద్రాలు దాటించి తెస్తాడమ్మా మా మావ," అని అతని భార్య పైడమ్మ వీధి వీధంతా చెప్పుకునేది. "మాకేమో స్టీలు పళ్లాలు. ఆటికేమో అద్దాల బీరువా."

ఆ పిచ్చి హాంబర్గులో పట్టుకుంది. ఓ ఆదివారం రేవు పక్కన పాతసామాన్ల సంతలో తిరుగుతుంటే తెల్లటి పింగాణీ కంచం ఒకటి కంటపడింది. వడ్డించేవాడి అలవాటు కొద్దీ అడుగు ఎలా ఉందోనని తిరగేశాడు. అడుగున రెక్కలు చాచిన గద్ద. దాని గోళ్ల కింద దండ, దండ మధ్యలో వంకర సిలువ, కింద రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న నాటి సంవత్సరం. పై వైపు చూస్తే పాలలా అమాయకంగా ఉంది. ఇందులో ఎవరు తిన్నారని సైగచేసి అడిగితే, అమ్ముతున్న ముసలావిడ, "అందరూ" అంది.

ఆ మాట జోగారావుని వదల్లేదు. ఆ తర్వాత జర్మనీ రేవు తగిలినప్పుడల్లా సంతలు గాలించాడు. సైన్యం కంచాలు, గద్ద కింద అక్షరం ఉన్న నౌకాదళం గిన్నెలు, విమానదళం కప్పులు. అంచున సన్నటి నీలి గీతా, పైనే బొమ్మకట్టినట్టు గద్దా ఉన్న ఆఫీసర్ల మెస్సు కంచాలు మరీ పలచన, వెలుతురుకి పెడితే చేతివేళ్లు కనిపిస్తాయి. వీటన్నిటి పక్కన కార్మిక సంఘాల కంచాలు. ఆ రోజుల్లో అక్కడ కార్మిక సేవాదళమని ఒకటుండేది. మీసాలైనా సరిగా రాని కుర్రాళ్ల చేతికి తుపాకీ ఇచ్చే ముందు పార ఇచ్చి కాలవలు తవ్వించేవారు. వాళ్ల కంచాల అడుగున పార బొమ్మ, అటూ ఇటూ బార్లీ కంకులు. ఫ్యాక్టరీ కేంటీన్ల కంచాల అడుగున పళ్లచక్రం. ఇవి ఇటకల్లా మందంగా ఉండేవి.

అన్నిటినీ బీరువాలో బోర్లించి పెట్టాడు, ముద్రలు కనపడాలని. ఇంటికొచ్చిన చుట్టాలు, "ఇంకా ఆరలేదేటి వదినా?" అని పైడమ్మని అడిగేవారు.

"దేశం దేశమంతా ఎలా పాడైపోయిందో తెలవాలంటే పెద్ద పుస్తకాలక్కర్లేదు," అనేవాడు జోగారావు. "అన్నం కంచానికి కూడా ముద్దరేసినారంటే ఇంక ఏటి మిగిలింది?"

వయసు మీదపడి కంటికి ఆపరేషనయ్యాక అతనికి బెంగ మొదలైంది. రాజాంలో కాపరం ఉంటున్న కూతురు, ఆ గద్దల్ని తన గుమ్మం ఎక్కించొద్దని ముందే చెప్పేసింది. తన తరవాత ఇవి ఏ టీ దుకాణం పాలవుతాయోనని తలుచుకుంటే జోగారావుకి అన్నం సయించేది కాదు. చివరికి జిల్లా ప్రదర్శనశాలకి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాడు.

ప్రదర్శనశాల అధికారి వేమవరపు శేషఫణి చదువుకున్నవాడు, మంచివాడు. మెమోలంటే భయం తప్ప వేరే దుర్గుణం లేదు. జోగారావు ఇంటికొచ్చి బీరువా తలుపు తెరవగానే ఆయన కళ్లు చెమర్చాయి.

"జోగారావుగారూ, మా శాలలో అమ్మవారి విగ్రహాలున్నాయి, నాణేలున్నాయి, శాసనాలున్నాయి. మనిషి అన్నం తిన్న వస్తువు ఒక్కటీ లేదండీ. వీటికి వేరే గది ఇస్తాను. మీరు పెట్టినట్టే బోర్లించి పెడతాను."

జోగారావు దానపత్రం మీద సంతకం పెట్టాడు. కంచాల్ని పాత చీరల్లో చుట్టి, ఒక్కొక్కటీ తనే లారీ ఎక్కించాడు. బీరువా ఖాళీ అయిన సంబరంలో పైడమ్మ ఆ పూట పాయసం చేసింది.

తంటా మర్నాడే మొదలైంది. వచ్చిన వస్తువుని ఏ తరగతిలో చేర్చుకోవాలి? పురావస్తువంటే నిండా నూరేళ్లు ఉండాలి. వీటికి ఇంకా రాలేదు. కళాఖండమంటే బొమ్మో శిల్పమో కావాలి. కంచం రెండూ కాదు. శేషఫణి రాజధానికి రాస్తే జవాబొచ్చింది: "పైన ఉదహరించిన వస్తువులు ఆహార స్వీకరణ నిమిత్తము తయారైనవి కావున భోజన సామగ్రి పద్దు క్రింద స్వీకరింపవలెను."

భోజన సామగ్రి అంటే స్టోర్సు. స్టోర్సంటే అడుగున నంబరు వేయాలి. జోగారావు వారం తిరక్కుండా చూసిపోదామని వెళ్లేసరికి, కంచాలన్నీ బోర్లించే ఉన్నాయి. ప్రతి గద్ద మీదా, ప్రతి పార మీదా ఆకుపచ్చ ఎనామిల్ రంగుతో పెద్ద పెద్ద అక్షరాల్లో ప్రదర్శనశాల పేరూ నంబరూ వేసి ఉన్నాయి.

"ఇదేటి బాబూ!" అన్నాడు జోగారావు.

"ముద్ర లేకపోతే అది ప్రభుత్వ ఆస్తి అనడానికి సాక్ష్యమేముందండీ?" అన్నాడు శేషఫణి తలొంచుకుని.

"నా మొత్తుకోలు ఆ ముద్దర గురించే కదా బాబూ..."

"నాకు తెలుసండీ. నిబంధనకి తెలీదు."

తర్వాత ఆడిట్ వచ్చింది. ఆడిట్ అధికారి కొల్లూరి పరాంకుశంగారు చాలా నెమ్మదస్తులు. ఎవరి మీదా గొంతెత్తరు, ఎవరినీ నిద్రపోనివ్వరు. గదిలో వరసలు తీరి ఉన్న కంచాల్ని చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూశారు.

"ఇవి ఏమి చేయుచున్నవి?" అని అడిగారు.

"ఏమీ చేయడం లేదండీ. ప్రదర్శనలో ఉన్నాయి," అన్నాడు శేషఫణి.

"ప్రభుత్వ ఆస్తి ఖాళీగా కూర్చోరాదు."

"ప్రదర్శనశాలలో అన్నీ ఖాళీగానే కూర్చుంటాయి సార్. పక్క గదిలో బుద్ధుడు కూడా."

"బుద్ధుని వినియోగమే కూర్చోవడం. కంచం వినియోగం అది కాదు. ఇది నిష్ప్రయోజక నిల్వ. వినియోగంలోకి తేవాలి, లేదా మీ మీద చర్య ఏల తీసుకొనరాదో తెలపాలి."

శేషఫణికి ఆ రాత్రి జ్వరం వచ్చింది. తగ్గాక, మధ్యాహ్నం వేళ తలుపులు మూసి, భార్య కట్టిచ్చిన పెరుగన్నం ఓ జర్మన్ కంచంలో పెట్టుకుని, దొంగతనం చేస్తున్నవాడిలా తిని, వినియోగమైందని రాసి పంపాడు. పరాంకుశంగారు సంతోషించలేదు. ఒక్క కంచం వినియోగమైతే మిగతావాటి మాటేమిటి? నిల్వకి తగ్గ భోక్తలుండాలి.

భోక్తల కోసం శాల సిబ్బందిని కూర్చోబెట్టారు. చాల్లేదు. పక్కనున్న మత్స్యశాఖని పిలిచారు, ఎదురుగా ఉన్న నీటిపారుదలని పిలిచారు, పై అంతస్తులోని కార్మికశాఖని పిలిచారు. ఊరికే భోజనమంటే ఏ శాఖా వెనకాడలేదు. పడమటి వరండాలో గాడిపొయ్యి తవ్వారు. శిల్పాల గదిలోంచి బల్లలొచ్చాయి. ఒంటిగంటయ్యేసరికి శాసనాల మధ్య సాంబారు వాసన గుప్పుమనేది. శాల చూడ్డానికి వచ్చేవాళ్లు రోజుకి పదిమంది ఉంటే గొప్ప. ఇప్పుడు వాళ్లు కూడా చేతులు కడుక్కునే వచ్చేవారు.

జోగారావు ఇంట్లో కూర్చోలేకపోయాడు. తన కంచాల్ని ఎవడు ఎలా పట్టుకుంటాడోనన్న భయంతో, వడ్డన తను చేస్తానని అడిగి, జీతం లేని స్టూవర్డయ్యాడు.

"ఓడ దిగినా నీకు ఎంగిళ్లెత్తడం తప్పనేదు మావా," అంది పైడమ్మ. నవ్వబోయి, మొగుడి మొహం చూసి మానేసింది. అతని తెల్ల చొక్కాకి బొత్తాం ఊడిపోతే కుట్టిపెట్టింది.

ఎవరికి ఏ కంచం పెట్టాలన్న సమస్య మొదటి వారంలోనే తలెత్తింది. నీటిపారుదల ఇంజనీరుగారికి పార గుర్తున్న మందపాటి కంచం వచ్చింది, ఆయన గుమాస్తాకి నీలి గీత కంచం. ఇంజనీరుగారు ముద్ద నోట్లో పెట్టకుండా లేచి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. కమిటీ నిర్ణయం గోడకి అంటించారు: నీలి గీత గద్ద కంచములు గెజిటెడ్ అధికారులకు మాత్రమే. సైన్యపు కంచములు పర్యవేక్షక సిబ్బందికి. నౌకాదళపు గిన్నెలు, సముద్రముతో గల సంబంధము దృష్ట్యా, మత్స్యశాఖకు. కార్మిక సంఘపు కంచములు కార్మికశాఖకు, నాలుగో తరగతి ఉద్యోగులకు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి.

కార్మికశాఖ భగ్గుమంది. కార్మికుల సంక్షేమం చూసే అధికారులం గాని, కార్మికులం కామని రాసింది. మూడో రోజు నాలుగో తరగతి ఉద్యోగుల సంఘం ప్రదర్శనశాల ముందు షామియానా వేసింది. ఎర్ర గుడ్డ మీద తెల్లక్షరాలతో "మాకూ గద్ద కంచాలే కావాలి" అని రాశారు. మైకు పెట్టారు.

జోగారావు షామియానాలోకి వెళ్లాడు.

"బాబూ, ఆ గద్ద మంచిది కాదు. మీరు కావాలని అడిగీదేనా అది? ఆ గద్ద ఎగిరిన ఊళ్లో మనుషుల్ని బళ్లకొద్దీ తోలుకుపోయి చంపేసినారు. మంచోళ్లు ఎదురు మాటాడితే మాయమైపోనారు."

సంఘం నాయకుడు శ్రద్ధగా విన్నాడు. "నువ్వు చెప్పింది బాగుంది పెద్దాయనా. కాని ఆ గద్ద సీనియారిటీ ప్రకారం మాకు రావాలి. మూడేళ్ల సర్వీసు కుర్ర సూపర్వైజరు గద్దలో తింటన్నాడు, ముప్పయ్యేళ్లోడు పారలో తింటన్నాడు. ఇది న్యాయమా?"

"న్యాయం కాదు!" అన్నారు చుట్టూ కూర్చున్నవాళ్లు.

జోగారావు వడ్డన వేళ అయిందని లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట అతని చేతిలో పులుసు గరిటె తొణికింది.

ఇంత గొడవ రాజధానిదాకా వెళ్లకుండా ఉంటుందా? శాఖాధిపతి చెరుకుపల్లి దక్షిణామూర్తిగారే స్వయంగా వచ్చారు. శేషఫణి ఉద్యోగం ఊడిందనుకుని ఇంట్లో చెప్పి మరీ వచ్చాడు. దక్షిణామూర్తిగారు ఆఫీసర్ల కంచంలో పప్పూ అన్నం కలుపుకుంటూ, అంచున ఉన్న గద్దని దగ్గరగా చూసి మురిసిపోయారు.

"ఇదేమిటయ్యా! మన స్వస్తికమే! కొంచెం పక్కకి ఒరిగింది, అంతే."

"అది మనది కాదు బాబూ," అన్నాడు జోగారావు నేతిగిన్నె పట్టుకుని. "అది వేరు."

"ఎవరిదైతేనేం, శుభమే కదా! ఒరిగినదాన్ని మనం నిలబెట్టాలి. శేషఫణీ, రేపటినుంచి వడ్డనకి ముందు వీటికి పసుపూ కుంకుమా పెట్టించు."

భోజనమయ్యాక ఆయన ఉపన్యసించారు. ఇన్నాళ్లూ ప్రదర్శనశాలలు చచ్చిన వస్తువుల శాలలుగా ఉన్నాయనీ, కళింగరేవు వాటికి ప్రాణం పోసిందనీ, దీన్ని సజీవ ప్రదర్శనశాల అంటారనీ, ఈ నమూనాని అన్ని జిల్లాలూ అనుసరించాలనీ సెలవిచ్చారు. ఉత్తర్వులు ఆయన కారు కన్నా ముందే రాజధాని చేరాయి. నెల తిరిగేసరికి ఓ జిల్లాలో రాతియుగపు గొడ్డలితో అల్లం దంచుతున్నారు. మరో జిల్లాలో తవ్వకాల్లో దొరికిన కూజాలో ఆవకాయ పెట్టారు. ఇంకో జిల్లాలో జమీందారుగారి పల్లకీలో ఒక గదినుంచి ఇంకో గదికి ఫైళ్లు మోస్తున్నారు. ఫిరంగి ఉన్న జిల్లాలో మధ్యాహ్న భోజనానికి ఫిరంగి పేల్చబోతే అగ్నిమాపకశాఖ అడ్డుపడింది. అడ్డుపడిన అధికారికి ప్రగతి నిరోధకుడని మెమో వెళ్లింది.

జోగారావు ఇక తట్టుకోలేక శేషఫణి గదికి వెళ్లి చేతులు జోడించాడు. "బాబూ, నా కంచాలు నాకిచ్చేయండి. నా బీరువాలో నేను బోర్లించుకుంటాను. మా ఆవిడ తిట్టినా పడతాను."

"ఇచ్చింది ఇచ్చినట్టేనండీ. దానపత్రం అయిపోయాక నేను కాదుగదా, దక్షిణామూర్తిగారు కూడా వెనక్కివ్వలేరు."

"పోనీ వడ్డన ఆపించి, మీరన్నట్టు ఆ గదిలో పెట్టండి."

శేషఫణి లేచి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు. "నేనూ అదే అడిగానండీ పరాంకుశంగారిని. ఆయన నన్ను శాల అంతా తిప్పి చూపించారు. ముక్కు విరిగిన నంది. చేతుల్లేని యక్షిణి. పిడి లేని కత్తి. మెడ విరిగిన కూజా. 'చూశారా, వినియోగార్హత కోల్పోయిన వస్తువు ప్రదర్శనకు అర్హము. వినియోగార్హత గల వస్తువు వినియోగించబడవలెను' అన్నారు. వస్తువు బాగున్నంతకాలం అది పాత్రే. పగిలితేనే ప్రదర్శన."

"అయితే నా తప్పేటి బాబూ? పగలకుండా తేవడమా?"

శేషఫణి ఏదో వెతుకుతున్నట్టు సొరుగు లాగి, మళ్లీ మూశాడు.

ఇంటికెళ్లి జోగారావు ఈ మాట పైడమ్మకి చెప్పాడు. ఆమె వంకాయలు తరుగుతూ విన్నది. ఎప్పుడెప్పుడు ఆ కంచాలు వదుల్తాయా అని కాపరమంతా ఎదురుచూసిన మనిషి, కత్తిపీట మీదనుంచి లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"నువ్వు ఆటిని దేనికి తెచ్చినావు మావా? కడిగి దాచుకోడానికా, పదిమందికీ చూపించి సెప్పడానికా?"

"సెప్పడానికే."

"సెప్పడానికైతే ముక్కలైనా సెప్తాయి కదేటి."

జోగారావు తన చేతులకేసి చూసుకున్నాడు. ముదిరిపోయిన చేతులు, అయినా ఇంకా వణుకులేని చేతులు.

ప్రదర్శనశాల వార్షికోత్సవం నాడు దక్షిణామూర్తిగారు మళ్లీ వచ్చారు. పరాంకుశంగారు వచ్చారు. ఇంజనీర్లు, మత్స్యశాఖ, కార్మికశాఖ, ఎండకి కందిపోయిన సంఘం నాయకుడు, అందరూ వచ్చారు. అరిటాకులు తప్ప అన్నీ ఉన్న పెళ్లిలా ఉంది శాల. జోగారావు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు తొడుక్కుని, తల దువ్వుకుని, ఓడ మీద కెప్టెను బల్లకి వెళ్లే రోజుల్లోలా తయారయ్యాడు. లోపలి గదికి వెళ్లి నీలి గీత కంచాల దొంతర రెండు చేతులా ఎత్తుకున్నాడు. అంచుల మీద గద్దలన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి.

హాలు మధ్యకి వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోదామా అనిపించింది. ఒక్కో కంచం ఏ సంతలో, ఏ వానలో కొన్నాడో వేళ్లకి తెలుస్తోంది. అడుగునున్న కంచాన్ని ఓడలో తన పరుపు కింద దాచుకుని తెచ్చిన సంగతి గుర్తొచ్చింది. అంతలో ముందు బల్ల దగ్గరనుంచి దక్షిణామూర్తిగారు, "గద్దలొచ్చాయి, గద్దలొచ్చాయి! కానివ్వవయ్యా, ఆకలేస్తోంది," అన్నారు చిటికేస్తూ.

జోగారావు చేతులు వదిలేశాడు.

ఆ చప్పుడు అతను జీవితంలో వినలేదు. వరండాలో పావురాలు లేచిపోయాయి. దక్షిణామూర్తిగారు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. శేషఫణి రెండు చేతులా నోరు మూసుకున్నాడు. మొదట కదిలింది పరాంకుశంగారే. ఆయన నెమ్మదిగా వచ్చి, వంగి, ఓ ముక్క తీసుకుని, కళ్లజోడు పైకి తోసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"వినియోగార్హత పూర్తిగా కోల్పోయినది," అన్నారు తృప్తిగా. "ప్రదర్శనకు అర్హము. నిబంధనల ప్రకారం గాజు పెట్టెలో పెట్టవలసినదే. ఇంక వీటిలో ఎవరూ తినడానికి వీల్లేదు."

"ఎవరూనా?" అన్నారు దక్షిణామూర్తిగారు.

"ఎవరైనను."

శేషఫణి నోటిమీది చేతులు తీశాడు. బల్ల చివర సైన్యపు కంచాలు పెట్టి ఉన్నాయి. ఎదురుగా గోడ మీది గడియారం చూస్తూ, అటుగా వెళ్లబోతున్నట్టు నడిచి, మోచేత్తో ఒకదాన్ని నెట్టాడు. అది కిందపడి రెండు చెక్కలైంది. "అయ్యయ్యో," అన్నాడు. అతని మొహంలో మాత్రం, కాలేజీలో చదువుకునే రోజుల తరవాత ఎవరూ చూడని వెలుగొకటి వచ్చింది. రెండోదాన్ని నెట్టడానికి అతనికి గడియారం అవసరం కాలేదు. జోగారావు నౌకాదళపు గిన్నెల దొంతర అందుకున్నాడు. సంఘం నాయకుడు ఏమనుకున్నాడో, "సీనియారిటీ ప్రకారం!" అని అరిచి ఓ విమానదళపు కప్పు నేలకేసి కొట్టాడు. మత్స్యశాఖవాళ్లు తమ గిన్నెలు తమకే కావాలని పట్టుకోబోయారు, కాని అప్పటికే ఆలస్యమైంది.

ఆఖర్న కార్మిక సంఘాల కంచాలు మిగిలాయి. జోగారావు ఒకటి వదిలాడు. అది ఠంగుమని నేలమీద పడి, బొంగరంలా తిరిగి, ఊరుకుంది. శేషఫణి ఎత్తి మళ్లీ వేశాడు. గచ్చుకి చిన్న సొట్ట పడింది గాని కంచానికేమీ కాలేదు. మరోదాని అంచున గోరంత పెచ్చు లేచింది. పరాంకుశంగారు దానిలో నీళ్లు పోయించి చూశారు. కారలేదు.

"వినియోగార్హమే," అన్నారు. "యథాతథంగా కొనసాగించవలెను."

అలా తేలింది వ్యవహారం. పగిలిన కంచాలకి గది వచ్చింది, గాజు పెట్టెలొచ్చాయి. భోజన సామగ్రి పద్దులోంచి తీసేశారు గనక స్టోర్సు నంబర్లు ఉండకూడదని శేషఫణి తనే టర్పెంటైను తెచ్చి, కూర్చుని, ముక్కముక్కకీ ఆకుపచ్చ రంగు తుడిచాడు. ముక్కల్ని బోర్లించి, గద్దలూ సంవత్సరాలూ కనపడేలా పేర్చారు. గోడకి శేషఫణి రాసిన పలక తగిలించారు. అందులో ఆ గద్ద ఏం చేసిందో అంతా ఉంది. పై వరసలో మాత్రం "యుద్ధకాలమున ధ్వంసమైన జర్మన్ సైనిక భోజన పాత్రలు" అని ఉంది.

"యుద్ధంలో కాదు కదా బాబూ, నేను పగలగొట్టినాను," అన్నాడు జోగారావు.

"మీరు పగలగొట్టారంటే నా ఉద్యోగం పోతుందండీ. యుద్ధం పగలగొట్టిందంటే ఎవరి ఉద్యోగమూ పోదు."

జనం వచ్చేవారు, చూసేవారు. కొందరు పలక మొత్తం చదివి, మళ్లీ ముక్కల దగ్గరికి వచ్చి నిలబడేవారు. జోగారావు వాళ్లని దూరంనుంచి చూసేవాడు. గుండెలో ఒకచోట హాయిగా, ఇంకోచోట ఖాళీగా ఉండేది. గెజిటెడ్ అధికారులు గద్దల్లేని భోజనానికి రావడం మానేశారు. గాడిపొయ్యి మాత్రం ఆరలేదు. పగలని కంచాలున్నాయి గనక, అవి ఖాళీగా కూర్చోకూడదు గనక, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి రోజూ వేడన్నం దొరుకుతూనే ఉంది. స్వీపర్లు, వాచ్‌మన్లు, తోటమాలి వరండాలో వరసగా కూర్చుని తినేవారు. జోగారావు కూడా వాళ్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఓ రోజు స్వీపరు గురమ్మ తిన్న కంచాలన్నీ కొళాయి కిందికి తెచ్చి, కొబ్బరిపీచుతో తోముతోంది. ఆమె తోముడుకి ఆకుపచ్చ రంగు ఎప్పుడో లేచిపోయింది.

"ఈ పార బొమ్మేటి తాతా?" అని అడిగింది.

జోగారావు చెప్పాడు. కుర్రాళ్ల చేతికి పారలిచ్చిన సంగతి చెప్పాడు. ఆ పార తుపాకీలా భుజాన వేయించి నడిపించడం, తరవాత నిజంగా తుపాకీ ఇచ్చి పంపేయడం చెప్పాడు. పళ్లచక్రం గుర్తు చూపించి ఫ్యాక్టరీల గురించి, ఊరుగాని ఊరినుంచి ఈడ్చుకొచ్చి అక్కడ పనికి పెట్టిన మనుషుల గురించి చెప్పాడు. తన దగ్గరున్నదంతా చెప్పాడు. ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు అతనికి బతుకులో తగల్లేదు. గురమ్మ తోమడం ఆపకుండానే విన్నది.

"ఆలందరూ తిని లేచి ఎలిపోనారు, సరే," అంది. "మరి ఈ కంచాలు తోమినోలెవలు?"

జోగారావుకి ఆఫీసర్లెవరో తెలుసు, సిపాయిలెవరో తెలుసు, ఏ ఊరి ఫ్యాక్టరీలో ఆ మట్టి కాల్చారో తెలుసు. బతుకంతా ఒకరు తిన్న కంచం ఎత్తిన మనిషికి ఇన్నేళ్లలో ఈ ప్రశ్న తట్టలేదు. ఆ వంటిళ్లలో, ఆ చన్నీళ్లలో, ఏ దేశపు ఆడకూతుళ్లు చేతులు పగిలేలా తోమి ఉంటారో!

"తెలీదమ్మా," అన్నాడు.

లేచి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, కొళాయి దగ్గరకొచ్చి, సబ్బునీళ్లలోంచి ఓ కంచం తీయబోయాడు. గురమ్మ చప్పున దాన్ని లాక్కుని గుండెకి హత్తుకుంది.

"ఓలమ్మో, నువ్వొద్దు తాతా! నీ సెయ్యి పడితే మాకింక రేపట్నుంచి బువ్వుండదు!"

వరండా అంతా నవ్వులతో నిండిపోయింది. జోగారావు కూడా నవ్వుతూ, ఆమె తోమి అందించిన కంచాల్ని ఒక్కొక్కటే అందుకుని, పొడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.